నేను నల్లనీళ్ళు వదిలిన చోటు

మొన్నమొన్నటిదాకా మస్కట్ పక్కనున్న సీబ్‌లో ఒక ఇండియన్ స్కూలు బస్సు నడిపాను. మాది కడప. ఇంట్లో మాట్లాడేది దక్కనీ ఉర్దూ, బడిలో చదివింది తెలుగు. మనసులో మాట కాగితం మీద పెట్టాలంటే నాకు చేతనయ్యేది తెలుగే. ఒమన్ వచ్చి పదమూడేళ్ళయింది. మొదట్లో అల్ అమెరాత్‌లో ఆఫీసున్న ఒక కంపెనీకి ట్యాంకర్ నడిపాను. ఆ కంపెనీ మూతపడ్డాక బస్సుకు మారాను. పిల్లల్ని ఎక్కించుకోవడం, దింపడం, శుక్రవారం బట్టలు ఉతుక్కోవడం, ఇంటికి ఫోన్ చేయడం. బతుకు ఒక దారిలో పడిందనే అనుకున్నాను.

ఒకరోజు ఆరో తరగతి పిల్లల్ని బయటికి తీసుకుపోయే డ్యూటీ పడింది. సముద్రం ఒడ్డున ఒక ఊళ్ళో, ఊరివాళ్ళే చేతులు కలిపి చిత్తడి నేలను కాపాడుకుంటున్నారట, వచ్చినవాళ్ళకు చూపించడానికి ఒక కేంద్రం కూడా పెట్టుకున్నారట. టీచరమ్మ ఫోన్‌కు లొకేషన్ పంపింది. నేను ఊరి పేరు కూడా చూసుకోలేదు. ఫోన్ ఎటు చెప్తే అటు తిప్పుతూ పోయాను. సీబ్ దాటి హైవే మీద చాలా దూరం పోయాక పెట్రోల్ బంకు దగ్గర సముద్రం వైపు తిరగమంది. తిరిగాను. ఖర్జూరం తోటలు మొదలయ్యాయి. మసీదు వచ్చింది. తారురోడ్డు సన్నబడింది. కుడిపక్కన ఒక తోట మట్టిగోడ, అందులో కూలిన చోట ఇనుప రేకులు అడ్డం పెట్టి ఉన్నాయి. ఆ రేకులు చూడగానే నా కాలు దానంతట అదే బ్రేకు మీద పడింది. వెనక పిల్లలు ముందుకు తూలి నవ్వారు. టీచరమ్మ ఏమైందని అడిగింది. మేక అడ్డమొచ్చిందని చెప్పాను. మేకా లేదు, ఏమీ లేదు. ఆ దారిలో నేను ఇంతకు ముందు వచ్చాను. ట్యాంకర్‌తో వచ్చాను.

మామూలుగా డ్రైవర్లం బస్సులోనే కూర్చుంటాం. ఆ రోజు కూడా కూర్చోవాలనే చూశాను. టీచరమ్మ మంచినీళ్ళ క్యాన్లు మోసిపెట్టమంది, కాదనలేక దిగాను.

కేంద్రం అంటే పెద్ద భవనమేదో ఉంటుందనుకున్నాను. ఒకప్పుడు చేపలు ఐసులో వేసి దాచిన పాత గోడౌను అది. సున్నం కొట్టి, కిటికీలు పెట్టి, గోడలకు పక్షుల ఫోటోలు తగిలించారు. ఫోటోలు తీసింది ఆ ఊరి పడవలవాళ్ళే. అక్కడి నుంచి నీళ్ళ దాకా చెక్కల దారి వేశారు. పాత పడవల పలకలు, సరుకు దింపాక మిగిలే చెక్క ప్యాలెట్లు కలిపి మేకులు కొట్టారు. ఒక్కో రోజు ఒక్కో ఇంటివాళ్ళు వచ్చి చూసుకుంటారు. ఎవరి వంతు ఏ రోజో గోడ మీద బోర్డు రాసి ఉంది. ఆ రోజు వంతు ఒక పెద్దావిడది. అరవై దాటి ఉంటాయి. నల్లటి అబాయా, దాని అంచు కింద మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు. ఆమెకు హిందీ బాగా వచ్చు. వాళ్ళ నాయన పడవలో బొంబాయికి ఖర్జూరాలు తీసుకెళ్ళేవాడట, ఇంట్లో హిందీ పాటలు మోగుతూ ఉండేవట. మన పిల్లలకు హిందీలోనే అన్నీ చెప్పింది. పిల్లలందరూ ఆమెను ఖాలా, అంటే పిన్నీ, అని పిలిచారు. నేనూ తర్వాత అలాగే పిలిచాను.

సముద్రం పోటెక్కినప్పుడు నీళ్ళు నేల లోపలికి వస్తాయి, పాటుకు మళ్ళీ వెనక్కి పోతాయి. అలా నీళ్ళు వచ్చిపోయే పాయను వాళ్ళు ఖోర్ అంటారు. దాని ఒడ్డంతా మడచెట్లు. ఆమె ఒక ఆకు తుంచి, వెనకవైపు నాకి చూడమని పిల్లలకిచ్చింది. ఉప్పగా ఉందని వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వారు. చెట్టు తాగిన ఉప్పును ఆకు వెంట బయటికి నెట్టేస్తుందని చెప్పింది. నీళ్ళలో కొంగలు నిలబడి ఉన్నాయి. ఒక నారాయణపక్షి, మా పెన్నా ఇసుకలో నిలబడేదాని మాదిరే, కదలకుండా నిలబడింది. నేను అందరికంటే వెనక, క్యాన్ల పక్కన ఉన్నాను. ఖోర్ అవతలి మూల వైపు చూడకూడదని చూపు చెక్కల మీదే పెట్టుకున్నాను.

ఒక పాప ఆ మూలకే వేలు పెట్టి చూపించింది. అన్నిచోట్లా చెట్లుండి అక్కడ ఎందుకు లేవని అడిగింది.

ఖాలా చెప్పింది. ఆరేళ్ళ కింద ఒక వేసవిలో ఈ ఖోర్ చచ్చిపోయిందంది. ఒక పొద్దున చూస్తే చేపలు తెల్లటి పొట్టలతో తేలి ఉన్నాయి. రెండు రోజుల తర్వాత పక్షులు పడిపోవడం మొదలైంది. రెక్కలు బాగానే ఉండేవి, మెడ నిలిచేది కాదు. ఊళ్ళో ఆడవాళ్ళు ఖర్జూరపు బుట్టల్లో వాటిని ఇళ్ళకు మోసుకుపోయారు. తానొక నారాయణపక్షిని ఒళ్ళో పెట్టుకుని దూదితో నీళ్ళు పట్టింది, మూడు రోజులు బతికింది. ఆ వేసవి తర్వాతే ఊరంతా కూర్చుని, ఇక దీన్ని మనమే కాచుకోవాలి అనుకున్నారు. మొక్కలు పెంచి నాటారు, పక్షులు తిరిగొచ్చాయి. ఆ మూల మాత్రం ఏం నాటినా చచ్చిపోతోంది.

"ఎవరు చేశారు?" అని పాప అడిగింది.

"మా అన్న తోటలో పనిచేసే మనిషే," అందామె. "పురుగుమందు డబ్బాలు కాలువలో కడిగేవాడు. మా అన్న వాణ్ణి వాళ్ళ దేశం పంపించేశాడు."

పిల్లలు ముందుకు నడిచారు. నేను అక్కడే ఉండిపోయాను. ఆ డబ్బాలు కడిగిన మనిషి నాకు తెలుసు.

ఆ వేసవి మా కంపెనీకి హైవే పక్కనున్న ఒక యార్డు కాంట్రాక్టు దొరికింది. అక్కడ లారీలు, ఇనుప డ్రమ్ములు కడుగుతారు. ఆ కడిగిన నీళ్ళు ఒక గుంటలో చేరతాయి. నూనె, యాసిడ్, సబ్బు కలిసి తారు మాదిరి నల్లగా ఉండేవి. వాటిని ట్యాంకర్‌లోకి తోడి, శుద్ధి చేసేచోటికి తీసుకుపోయి అప్పజెప్పాలి. అక్కడ లైను చాలా పొడుగు, ఒక ట్రిప్పుకే రోజంతా పట్టేది. మా ఫోర్‌మన్ ఒకరోజు నన్ను పక్కకు పిలిచి, అంత దూరం ఎందుకు, సముద్రం పక్కన బీడు ఉంది, మధ్యాహ్నం పూట వదిలేసి వచ్చెయ్ అన్నాడు. వేసవిలో ఇక్కడ పన్నెండున్నర నుంచి మూడున్నర దాకా ఎండలో పని చేయించకూడదని రూలు. ఆ వేళకు సైట్లన్నీ ఆగిపోతాయి, ఊళ్ళు తలుపులు వేసుకుని పడుకుంటాయి. రోడ్డు మీద కుక్క కూడా ఉండదు. నేను పోయి పైపు తిప్పి, ట్యాంకర్ నీడలో కూర్చునేవాణ్ణి. అరగంటలో ఖాళీ అయ్యేది. ఆ వేసవిలో పన్నెండు సార్లు వదిలాను.

ఒక మనిషి మాత్రం మేలుకుని ఉండేవాడు. రేకులు అడ్డం పెట్టిన తోటలో పనివాడు, బంగ్లాదేశ్ మనిషి. నాకంటే నాలుగైదేళ్ళు చిన్న. మొదటి రోజే గోడ అవతలి నుంచి నన్ను చూసి, తడి గోనె చుట్టిన కూజా తెచ్చి నీళ్ళిచ్చాడు. తర్వాత వెళ్ళినప్పుడల్లా ఇచ్చేవాడు. మూడోసారో నాలుగోసారో అనుకుంటా, పైపు వైపు చూస్తూ, ఇక్కడ పోయొద్దు భాయ్, నీళ్ళు ఖోర్‌లోకి దిగుతున్నాయి, అక్కడ పక్షులున్నాయి అన్నాడు. నేను, డ్యూటీ భాయ్, కంపెనీ చెప్పింది అన్నాను. నేను కూజా తిరిగిచ్చేశాను. అక్టోబరుకల్లా యార్డు కాంట్రాక్టు పోయింది, నేనా దారి మరచిపోయాను. మరచిపోయానని ఇప్పుడు రాయడం తేలిక. నిజానికి, చేపలు తేలాయన్న మాట ఆ రోజుల్లోనే రూమ్‌లో ఎవరో చెప్తే విన్నాను. విని, వేరే మాట ఎత్తాను.

పిల్లల్ని స్కూల్లో దింపి రూమ్‌కు వచ్చాను. ఆ సాయంత్రం ఇంటికి ఫోన్ చేసి మా ఆవిడకు అంతా చెప్పాను. అంతకు ముందు ఈ సంగతి ఆమెకెప్పుడూ చెప్పలేదు. ఆమె, ఇప్పుడు చెప్తే ఆ మనిషి తిరిగొస్తాడా, నీ వీసా ఏమవుతుంది, పాప కాలేజీ చదువు ఇంకా రెండేళ్ళుంది అంది. నువ్వు కావాలని చేయలేదు కదా, చెప్పిన పని చేశావు అంది. తప్పు మాటలేమీ కావు. నాకు నేను చెప్పుకుంటూ వచ్చినవే. ఆమె నోటి వెంట వింటే మాత్రం నాకు సిగ్గేసింది. పెట్టేసే ముందు ఆమె ఒకటి అడిగింది, ఆ తోట మనిషికి పిల్లలున్నారా అని. నాకు తెలియదన్నాను. అన్నిసార్లు అతని చేతి నీళ్ళు తాగి, అతనికి పిల్లలున్నారో లేదో అడగలేదు.

వారమంతా బస్సు నడిపాను. రెండుసార్లు తిరగాల్సిన మలుపు దాటి ముందుకు పోయాను. శుక్రవారం పొద్దున్నే ఒక స్నేహితుడి కారు అడిగి తీసుకుని ఆ ఊరికి పోయాను.

ఆమె వంతు కాకపోయినా ఖాలా అక్కడే ఉంది. గోడౌను వెనక నల్లటి కవర్లలో పెంచుతున్న మడమొక్కలకు నీళ్ళు పోస్తోంది. నన్ను చూసి, పిల్లలు ఏమైనా మరచిపోయారా అని అడిగింది. లేదన్నాను. ఎలా మొదలుపెట్టాలో దారంతా అనుకుంటూ వచ్చాను, ఒక్క ముక్కా గుర్తు రాలేదు.

"ఖాలా, ఆ మూల చచ్చిపోయింది నా వల్ల," అన్నాను. "డబ్బాలు కడిగినతని వల్ల కాదు."

ఆమె నీళ్ళు పోయడం ఆపలేదు. నేను యార్డు గురించి, నల్లనీళ్ళ గురించి, మధ్యాహ్నాల గురించి చెప్తూ పోయాను. చెప్పేకొద్దీ ఆమె చేతిలోని పైపు నీళ్ళు ఒకే మొక్క మీద పడుతున్నాయి, కవరు నిండి మట్టి బయటికి పొర్లుతోంది. చివరికి కొళాయి కట్టి నా వైపు తిరిగింది.

"మా తోట మనిషి నిన్ను చూశాడా?"

"చూశాడు. నీళ్ళు తెచ్చి ఇచ్చేవాడు. ఇక్కడ పోయొద్దని కూడా చెప్పాడు."

ఆమె అక్కడున్న సిమెంటు దిమ్మె మీద కూర్చుంది. అప్పుడు చెప్పింది, ఊరివాళ్ళు నిలదీసిన రోజు కూడా అతను ట్యాంకర్ అనే అన్నాడట. పసుపురంగు ట్యాంకర్ వస్తుంది, మధ్యాహ్నం వస్తుంది అని. నంబరు చెప్పమంటే చెప్పలేకపోయాడు. ఊళ్ళో ఇంకెవరూ చూడలేదు, ఆ వేళ అందరూ నిద్రలో ఉంటారు. మందు డబ్బాలు అతను కాలువలో కడగడం వాళ్ళన్న కళ్ళారా చూశాడు. తప్పు తప్పించుకోవడానికి ట్యాంకర్ కథ అల్లాడని అందరూ అనుకున్నారు. ఆమె కూడా అనుకుంది.

"నాకు పక్షులను చూసి ఏడుపొచ్చింది, మనిషి మాట చెవికెక్కలేదు," అందామె.

నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. జుమా నమాజు అయ్యాక ఇదంతా మా అన్నకు నీ నోటితోనే చెప్పాలి అంది. భయమేసి, మీరే చెప్పకూడదా అన్నాను. ఆమె లేదన్నట్టు తల ఊపింది.

ఆ ఊరి మసీదులోనే నమాజు చేశాను. నా ముందు వరసలో పాదాల దాకా ఉండే తెల్లటి దిష్‌దాషా అంగీలో వెడల్పాటి వీపున్న ఒక పెద్దమనిషి. ఆయనే వాళ్ళన్న అని నాకు తర్వాత తెలిసింది. ఖాలా నన్ను వాళ్ళింటికి తీసుకుపోతే, ఆయన ముందుగదిలో కూర్చోబెట్టి, నేనెందుకొచ్చానో అడగకుండానే ఖర్జూరాలు, కాఫీ పెట్టించాడు. ఇక్కడి మర్యాద అది. ఆ చిన్న కప్పు చేతిలో పట్టుకుని అదంతా చెప్పడం ఎంత కష్టమైందో! ఆయనకూ హిందీ వచ్చు, చెల్లెలంత కాదు. అర్థం కానిచోట ఖాలా అరబ్బీలో చెప్పింది.

అంతా విని ఆయన కప్పు కింద పెట్టాడు. అప్పుడు రానివాడివి ఇప్పుడెందుకొచ్చావు అన్నాడు. ఎవరు పంపారు నిన్ను అన్నాడు. ఎవరూ పంపలేదన్నాను. పోలీసులను పిలుస్తానన్నాడు. పిలవండి, వాళ్ళకూ ఇదే చెప్తానన్నాను.

"వాడు డబ్బాలు కడగడం నేను చూశాను," అన్నాడాయన, నాతో కాదు, చెల్లెలితో. "నా కళ్ళతో చూశాను."

"అక్కడ కడగమని వాడికి చెప్పిందెవరు?" అని ఖాలా అడిగింది.

ఆయన లేచి లోపలికి పోయాడు. తలుపు వేసుకున్న చప్పుడు వినిపించింది. ఆ మనిషి ఆయన దగ్గర తొమ్మిదేళ్ళు పనిచేశాడని, తోటలో సగం చెట్లు అతను పెంచినవేనని, పంపేసిన రోజు కారు ఎక్కేముందు మసీదు దగ్గర అందరి ముందూ చేతులు జోడించి ట్యాంకర్ మాటే మళ్ళీ చెప్పాడని ఖాలా నన్ను సాగనంపుతూ చెప్పింది. మా అన్న మంచివాడే అని కూడా అంది. ఆ మాట నాకు చెప్తోందో, తనకు తాను చెప్పుకుంటోందో తెలియలేదు.

తర్వాత రెండు వారాలు ఎవరూ రాలేదు. ప్రతి ఫోన్‌కూ ఉలిక్కిపడ్డాను. బతాకా, అంటే ఇక్కడుండటానికి ఇచ్చే కార్డు, రోజుకు పదిసార్లు తీసి చూసుకున్నాను, ఎవరో లాక్కుపోతారన్నట్టు. మా ఆవిడ ఫోన్‌లో ఏమీ అడగడం మానేసింది. ఏం వండుకున్నావు అని మాత్రం అడిగేది.

ఒక మధ్యాహ్నం స్కూలు గేటు దగ్గర బస్సు ఆపి దిగేసరికి ఖాలా వాళ్ళన్న తన పికప్‌లో ఉన్నాడు. అద్దం దించి, ఎక్కు, ఆ చోటు చూపించు అన్నాడు. పిల్లలందరినీ దింపి వచ్చేదాకా రెండు గంటలు అక్కడే ఆగాడు.

పాటు సమయం, నీళ్ళు వెనక్కి పోయి ఉన్నాయి. నేను ట్యాంకర్ ఆపే చోటు నుంచి ఖోర్ దాకా ఒక పల్లం ఉంది. ఇసుక కప్పేసింది, చూస్తే ఏమీ తెలియదు. ఇక్కడ పైపు, ఇటు వాలు అని చూపించాను. ఆయన దిష్‌దాషా మోకాళ్ళ పైకి మడిచి, ఖర్జూరపు మట్ట ఒకటి తెచ్చి ఇసుకలో గుచ్చాడు. జానెడు లోతు పోయాక మట్ట మెత్తగా దిగిపోయింది. పైకి తీస్తే కొన నల్లగా ఉంది. పట్టుకుని వాసన చూశాడు. మందు వాసన కాదు, గ్యారేజీ వాసన. ఇంకోచోట గుచ్చాడు. ఇంకోచోట. ఐదారు చోట్ల గుచ్చాక ఆ మట్టను పక్కన పెట్టి, ఇసుకలోనే కూర్చుండిపోయాడు. అంత పెద్దమనిషి అలా కూర్చుంటే నాకు నిలబడాలో కూర్చోవాలో తెలియలేదు. క్షమించమని అడిగాను. ఆయన నా వైపు చూడలేదు.

"నన్ను కాదు," అన్నాడు.

ఆ తర్వాత కేంద్రం నడిపేవాళ్ళందరూ కూర్చుని, ఈ సంగతి పర్యావరణం చూసే ఆఫీసుకు రాసిచ్చారు. నేనూ పోయి నా పేరుతో చెప్పాను. వాళ్ళు మర్యాదగానే రాసుకున్నారు. మట్టి తీసుకుపోయారు. కంపెనీ పేరు అడిగారు, చెప్పాను. అది మూతపడి చాలాకాలమైంది, ఆ ఫోర్‌మన్ ఎక్కడున్నాడో నాకు తెలియదు. చెప్పకుండా దేశం దాటొద్దన్నారు. ఈ కబురు స్కూలుకు చేరింది. మేనేజరు పిలిచి, పిల్లల బస్సు కదా, తల్లిదండ్రులకు మేమేం చెప్పాలి, ఈ ఏడాది అయ్యాక వీసా రెన్యూ చేయలేం అన్నాడు. అప్పటిదాకా స్టోర్‌లో పనిచేయమన్నారు. నాకు కోపం రాలేదు. పాప చదువు గురించి మాత్రం ఆ రోజంతా అదే పనిగా ఆలోచించాను. మా ఆవిడకు చెప్తే, అనుకున్నదే కదా అంది. తర్వాత, ఇంటికొచ్చెయ్, ఏదో ఒకటి చేద్దాం అంది. గొంతులో కోపం ఉంది, ఉండకుండా ఎట్లా ఉంటుంది.

శుక్రవారాలు ఆ ఊరికి పోయేవాణ్ణి. ఆ ఆఫీసువాళ్ళు చెప్పిన ప్రకారం ఆ నల్లమట్టిని తవ్వి, మూతలున్న డ్రమ్ముల్లోకి ఎత్తాలి. పడవలవాళ్ళు నలుగురైదుగురు, నేను, పారలతో తవ్వేవాళ్ళం. మొదట్లో నాతో ఎవరూ మాట్లాడలేదు. ఒకాయన నేను ముట్టుకున్న పారను ముట్టుకునేవాడు కాదు. ఖాలా అందరికీ ఒకే పళ్ళెంలో అన్నం పెట్టేది, వాళ్ళతోపాటు నేనూ తినేవాణ్ణి. అన్న కూడా వచ్చి తవ్వేవాడు.

తోట మనిషి నంబరు పనిచేయలేదు. ఖాలా ఊరుకోలేదు. ఊళ్ళో కిరాణా కొట్టు నడిపే అతనిది కూడా బంగ్లాదేశ్‌లో అదే జిల్లా. అతని ద్వారా అడిగించి అడిగించి, నెల తిరిగేసరికి కొత్త నంబరు సంపాదించింది. ఒక శుక్రవారం సాయంత్రపు అసర్ నమాజు తర్వాత గోడౌనులో ఖాలా, అన్న, నేను కూర్చున్నాం. ఆమె ఫోన్ స్పీకర్‌లో పెట్టి బల్ల మీద ఉంచింది.

అన్న పలకరించగానే అతను గొంతు గుర్తుపట్టి సలాం చెప్పి, అర్బాబ్, బాగున్నారా అని అడిగాడు. తనను పంపేసిన మనిషిని ఇంకా అర్బాబ్, అంటే యజమాని, అనే పిలిచాడు. అన్న, ట్యాంకర్ వచ్చిన మాట నిజమని తెలిసిందనీ, తాను తప్పు చేశాననీ, క్షమించమనీ చెప్పాడు. హిందీ తడబడింది గాని, ఒక్క మాట కూడా దాటేయలేదు. అవతల ఎవరో ఆడమనిషి గొంతు, గిన్నెల చప్పుడు వినిపించాయి.

నేను ఫోన్ దగ్గరికి జరిగి, నేను ఆ ట్యాంకర్ డ్రైవర్‌ను భాయ్ అన్నాను.

"తెలుసు," అన్నాడు. "గొంతు గుర్తుంది."

చెప్పాలనుకున్నదంతా చెప్పాను. అతను మధ్యలో ఆపలేదు. నేను ఆగాక అన్నాడు, "అప్పుడే ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది కదా భాయ్. నేను ఇంటికి దొంగ మాదిరి వచ్చాను. మా నాయన చనిపోయేదాకా నేనేదో చేశాననే అనుకున్నాడు."

నేను ఫోన్‌ను అన్న వైపు జరిపాను.

అన్న అతన్ని తిరిగి రమ్మన్నాడు. టికెట్, వీసా అన్నీ తానే చూసుకుంటానన్నాడు. అతను రానన్నాడు. ఇక్కడ బ్యాటరీ రిక్షా నడుపుకుంటున్నాను, ఇద్దరు కూతుళ్ళు బడికి పోతున్నారు, మళ్ళీ వాళ్ళను వదిలి రాలేనన్నాడు. ఏం కావాలో అడగమని ఖాలా అంది. అతను, మసీదు దగ్గర ఆ రోజు ఎంతమంది ఉన్నారో అంతమందికీ ఈ మాట చెప్పండి, ఇంకేమీ వద్దు అన్నాడు.

తర్వాతి శుక్రవారం నమాజు ముగిశాక అన్న లేచి నిలబడ్డాడు. నేను నాలుగో వరసలో గోడవైపు ఉన్నాను. ఆయన అరబ్బీలో మాట్లాడాడు. నాకు సగమే అర్థమైంది. తోట మనిషి పేరు మూడుసార్లు వినిపించింది. నా పేరు రాలేదు, ట్యాంకర్ అన్న మాట వచ్చినప్పుడు మాత్రం కొందరు వెనక్కి తిరిగి నా వైపు చూశారు. నేను తల దించుకోకుండా ఉండడానికి ప్రయత్నించాను. చివర్లో ఆయన కూర్చోబోయి, మళ్ళీ నిలబడి, ఇంకో రెండు మాటలు చెప్పి కూర్చున్నాడు. అవేమిటని తర్వాత ఖాలాను అడిగితే చెప్పింది. డబ్బాలు కాలువలో కడగమని అతనికి చెప్పింది నేనే, అన్నాడట.

బయట చెప్పులు వేసుకుంటుంటే, నా పారను ముట్టుకోని ఆ పడవాయన నా పక్కన నిలబడి, వచ్చే శుక్రవారం పొద్దున ఏడుకే నీళ్ళు పాటు తీస్తాయి, దానికి ముందే వచ్చెయ్ అన్నాడు. సరేనన్నాను. వీసా అయిపోయేలోగా నాకింక ఇక్కడ మిగిలింది ఆరు శుక్రవారాలు.